మూడో వాల్వు దగ్గర రొట్టె

సాలీకా అపా ఇంటికి తలుపు లేదు గాని గడప ఉంది. మూడు ఇటుకలు వరసగా పేర్చి, వాటి మీద ఎక్కడినుంచో లాక్కొచ్చిన చెక్క పరిచింది. బిష్కెక్‌లో సగం ఊరికి వేన్నీళ్ళు మోసే లావుపాటి గొట్టాలు రెండు పక్కపక్కనే నడిచి, రోడ్డు దాటడానికి పైకి లేచే చోట, మూడో వాల్వు పెట్టె వెనక రేకులూ దుప్పట్లూ కట్టిన గూడు అది. గడప ఇవతల బూట్లు విప్పి లోపలికి రావాలని ఆవిడ నియమం. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉన్న చలిలో బూట్లు ఎవరు విప్పుతారు? నర్సు బురుల్చా విప్పేది కాదు. గడప ఇవతలే గొంతుక్కూర్చుని పని కానిచ్చేది.

బురుల్చాకి యాభై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు పిచ్చాసుపత్రి వార్డులో చేసింది. ఇప్పుడు ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు ఎక్కడ పడుకుంటే అక్కడికే మందు తీసుకెళ్ళే బండిలో పని. బండి తోలేది టోక్తోబెక్. బృందం అంటే ఈ ఇద్దరే. డాక్టరుగారు ఆఫీసులో ఉంటారు, రోగుల దగ్గరికి కాగితాల మీద వస్తారు.

ఆ సోమవారం అపా ముంజేతి మీద గొట్టం తగిలి కాలిన పుండుకి కట్టు మార్చాలి. బురుల్చా పాత గుడ్డని ఉప్పునీళ్ళతో తడిపి, అంటుకున్న చోట లాగకుండా, ఓపిగ్గా నానబెట్టి తీసింది. మందు రాసి, కొత్త కట్టు కట్టి, చివర రెండుగా చించి ముడి వేసింది. అంతసేపూ అపా ఆమె ముఖంలోకే చూస్తూ ఉంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఆ వయసు ఆడవాళ్ళని మా ఊళ్ళో అపా అనే పిలుస్తారు. తలకి తెల్లటి రుమాలు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. అది ఎలా సాధ్యమో ఎవరికీ తెలియదు.

“ఈ నెలన్నా సూది వేయించుకుంటావా అపా?”

“గొట్టంలో వాడు వద్దంటన్నాడు.”

“ఎందుకంట?”

“నువ్వెవరో తెలీదంట.”

“మూణ్ణెల్లుగా వస్తున్నాగా! నర్సు బురుల్చానని చెప్పు.”

“చెప్పా. నర్సులు సానామంది ఉంటారంట.”

బురుల్చా నిట్టూర్చి సంచీ సర్దుకుంది. లేచి నిలబడగానే, ఎప్పటిలాగే, అపా పెట్టె మీదున్న పువ్వుల గుడ్డ ముడి విప్పింది. లోపల గుండ్రటి రొట్టె ఉంది. వీధి చివర తందూరు కొట్టు ముందు రోజూ పొద్దున్నే మంచు ఊడ్చినందుకు, పగిలిన రొట్టె ఒకటి ఆవిడకి దక్కుతుంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ముందుకి చాపింది.

“ముట్టుకుని ఎల్లు.”

“మాకు రూలుందమ్మా. పనిలో ఎక్కడా ఏమీ తినకూడదు.”

అపా రొట్టెని ఒక చేతిలోకి మార్చి, రెండో చేత్తో బురుల్చా కోటు చెయ్యి పట్టుకుంది. గట్టి పట్టు. అపా చేతికున్న కట్టు చెదరకుండా బురుల్చా ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసి, బండి వైపు నడిచింది.

బండిలో కూర్చుని కలం ముల్లు మీద నోటి ఆవిరి ఊదింది. చలికి సిరా బిగుసుకుపోతుంది. ఫారం రష్యన్‌లో ఉంటుంది, మావాళ్ళు రాసేదీ రష్యన్‌లోనే. నోరు కిర్గిజ్‌ది, చెయ్యి రష్యన్‌ది. మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరి బతుకూ అంతే. బురుల్చా ఇలా రాసింది: “సిబ్బందిని వెళ్ళనివ్వదు. దుస్తులు పట్టుకుని ఆపుతుంది. ఎక్కడిదో తెలియని ఆహారాన్ని నోట పెట్టించాలని పట్టుబడుతుంది. ప్రతిసారీ ఇదే ప్రవర్తన.” తేదీ వేసింది, సంతకం పెట్టింది. అది పన్నెండోసారి.

“అక్కా, ఫ్లాస్కు అక్కడే మర్చిపోయా,” అని టోక్తోబెక్ దిగి వెళ్ళాడు. ఈ మనిషి ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతాడు. అయిదు నిమిషాలకి మీసాలు తుడుచుకుంటూ వచ్చాడు.

ఆఫీసులో డాక్టరు షర్షెన్‌బెక్ ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు. పక్కన పేట ఆఫీసు నుంచి వచ్చిన నుర్జామాల్ కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళు, బొచ్చు కాలరు కోటు, ఒళ్ళో ఒక జాబితా. మార్చిలో కొత్త ఏడాదికి చేసే నోరూజ్ పండగ లోపల గొట్టాల వెంట ఎవరూ ఉండకూడదని పైనుంచి మాట వచ్చిందట. తాగి పడుకునేవాళ్ళని తరిమేస్తే సరిపోతుంది. తరిమినా పోనివాళ్ళకి వేరే దారి ఉంది. తన మంచిచెడ్డలు తనకి తెలియని మనిషి అని ముగ్గురు సంతకం పెడితే చాలు, ఊరి బయట గేట్లు మూసి ఉండే ఆశ్రమానికి పంపేయొచ్చు.

“గురువారం వెళ్ళి చూస్తాం,” అన్నాడు డాక్టరు. “నేనూ, ఈవిడా, నువ్వూ, ముగ్గురమే కమిషన్. మిగతా ఫైళ్ళలో ఏమీ లేదు బురుల్చా, సాలీకాది మాత్రం ముత్యంలా ఉంది. అంతా నీ చేతిరాతే. పన్నెండుసార్లు, తేదీలతో సహా. ఇలా రాసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?”

నిజం చెప్పాలి. ఆ మాటకి బురుల్చాకి ముందు సంతోషమే కలిగింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె రాతని మెచ్చుకున్న డాక్టరు లేడు. ఆ తర్వాత ఆశ్రమం గేటు కళ్ళ ముందుకొచ్చింది. ఆ గేటు లోపలికి తన చేత్తోనే చాలామందిని అప్పజెప్పింది. వాళ్ళలో బయటికొచ్చినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు.

“ఆవిడ సూది వేయించుకుంటే?” అంది.

“వేయించుకుంటే ఆ మాట వేరు. మందు మీద ఉంది కాబట్టి బయటుంచి చూద్దాం అనొచ్చు. మూడు నెలలుగా నీ చేతే కాలేదు కదా.”

“ఆవిడకీ ఇదే మంచిదండీ,” అంది నుర్జామాల్. “వెచ్చగా ఉంటుంది, వేళకి తిండి పెడతారు.”

బురుల్చా ఫైలు వైపు చూసింది. రాసింది తనే.

మంగళవారం సెలవు. బురుల్చా పిండి కలుపుతుంటే పక్కింటి కలీచా జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. బూట్లు విప్పలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందట. జల్లెడ చేతిలో పెట్టి గిరుక్కున తిరిగింది.

“ఏయ్, రొట్టె ముట్టుకోకుండా పోతావేంటే?”

“పాలు పొంగుతాయే తల్లీ!”

“పొంగితే పొంగనీ. నా గడపలోంచి వట్టి నోటితో పోతావా? నేనేం పాపం చేశాను?”

బురుల్చా ఒక చేత్తో బల్ల మీద రొట్టె అందుకుని, రెండో చేత్తో కలీచా చెయ్యి పట్టుకుంది. కలీచా నవ్వుతూ చిటికెడు తుంచి నోట్లో వేసుకుని, నములుతూనే మెట్లు దిగి పరిగెత్తింది. ఆమె నల్ల కోటు చేతి మీద పిండి అంటిన అయిదు వేళ్ళూ తెల్లగా కనిపించాయి.

బురుల్చా గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. తన చేతిని తిప్పి చూసుకుంది. దుస్తులు పట్టుకుని ఆపుతుంది. నోట పెట్టించాలని పట్టుబడుతుంది. తను రష్యన్‌లో రాసిన ముక్కల్ని మెల్లగా తన భాషలో పైకి చెప్పుకుంది. అలా చెప్పుకుంటే అందులో జబ్బేమీ లేదు. ఇంటికొచ్చిన మనిషిని రొట్టె రుచి చూడకుండా పంపని ఇల్లాలు ఉంది, అంతే. వాళ్ళమ్మ ఉంది, అత్తగారు ఉంది, తను ఉంది. పన్నెండుసార్లు ఒక ఇంటికెళ్ళి పన్నెండుసార్లు ఆ ఇంటి రొట్టెని కాదన్న మనిషి ఎవరయ్యా అంటే, అది కూడా తనే. అలా కాదన్నది చాలక, ఇంటావిడకి పిచ్చి అని తేదీ వేసి మరీ రాసింది.

ముందు సిగ్గు వేసింది. తర్వాత ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో ఆమెకే సరిగ్గా తెలియదు. పిండి మీద గట్టిగా ఒక గుద్దు గుద్దింది.

బుధవారం పొద్దున బండెక్కగానే టోక్తోబెక్‌కి జరిగిందంతా చెప్పింది. వాడు గేరు మార్చడం కూడా మర్చిపోయి నవ్వాడు.

“నేను పన్నెండుసార్లూ తిన్నానక్కా.”

“ఏంటీ?”

“ఫ్లాస్కు మర్చిపోయా, గ్లౌజు మర్చిపోయా అని ఎందుకెళ్ళాననుకున్నావ్? నువ్వు కాదని వచ్చేస్తే ఆ ముసలావిడ మొహం చూడలేక వెళ్ళేవాణ్ణి. రొట్టె కూడా బావుంటది, నువ్వులుంటాయి.”

“మరి నాకొక్క మాట చెప్పొచ్చు కదరా!”

“రూలుందన్నావు. రూలున్నోళ్ళతో మనమేం మాట్లాడతాం అక్కా?”

వాల్వు దగ్గర దిగి, బురుల్చా గడప ముందు బూట్లు విప్పింది. ఉన్ని మేజోళ్ళలోంచి చలి ఒక్క క్షణం కొరికింది గాని, లోపల గొట్టం పక్కన పరిచిన తివాచీ ముక్క వెచ్చగా ఉంది. అపా జరిగి చోటిచ్చింది. వస్తావని తెలుసు అన్నట్టు కూడా చూడలేదు. పువ్వుల గుడ్డ విప్పి రొట్టె చాపింది.

బురుల్చా గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. రెండు చేతులా తుంచుకుని నోట్లో పెట్టుకుంది. అంచు గట్టిగా ఉంది, మధ్యలో మెత్తగా ఉంది, ఉప్పు కొంచెం ఎక్కువైంది. మింగేదాకా అపా ఆమె గొంతువైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత గొట్టం వైపు తిరిగి, రేకు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టింది.

“చూశావా? తిన్నది. ఇంక నోరు ముయ్యి.”

“ఏమంటున్నాడు?”

“గొణుగుతున్నాడు. నువ్వు చెప్పు. ఆ సూది ఎందుకు?”

మూడు నెలల్లో ఆవిడ ఆ ప్రశ్న వేయడం ఇదే మొదలు. బురుల్చా దాచకుండా చెప్పింది. నెలకి ఒకటి. నోరెండుతుంది, కాస్త మత్తుగా ఉంటుంది, చేతులు వణికితే చెప్పాలి. రెండు మూడు వారాలకి గొట్టంలో గొంతు తగ్గుతుంది.

“సచ్చిపోతాడా?”

“తగ్గుతాడు. బహుశా మాట్లాడ్డం మానేస్తాడు.”

అపా గొట్టం వైపు చూసి గొంతు తగ్గించింది. “తగ్గిస్తే చాలు. మరీ వాగుతున్నాడు, నిద్రపోనివ్వడు. పూర్తిగా మాత్రం తీసెయ్యకు. చలికాలం ఒక్కదాన్నే ఉంటా.”

ఈ మాటకి బురుల్చా కళ్ళు నీళ్ళతో నిండాయి. పైకి మాత్రం, “చూద్దాం, కొంచెం కొంచెంగా,” అంది. కోటు లోపల చంకలో పెట్టుకున్న మందు బుడ్డి తీసింది. నూనెలో కలిపిన మందు చలికి చిక్కబడి సూదిలోకి ఎక్కదు, అందుకని పొద్దుట్నించీ ఒంటి వేడిలో ఉంచుకుంది. మెల్లగా లాగింది, గాలి బుడగ తీసింది. అపా తనంతట తనే మూడు చొక్కాల చేతులూ ఒకదాని తర్వాత ఒకటి పైకి మడిచి భుజం చూపించింది. ఎముక మీద తోలే ఉంది. బురుల్చా కండ దొరికే చోటు వేళ్ళతో వెతికి, సూది దించి, పదివరకూ లెక్కపెడుతూ మందు నెట్టింది.

ఆ మధ్యాహ్నం డాక్టరుకి చెప్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మంచిదే. కానీ ఒక్క సూదితో పన్నెండు నోట్లు చెరిగిపోవు బురుల్చా. నుర్జామాల్ అవే పట్టుకుంటుంది.”

“నేను రాసినవే కదా. నేనే కొట్టేస్తాను.”

“కమిషన్ ముందురోజు రికార్డు కొట్టేస్తే నీ ఉద్యోగం ఉంటుందా? పైగా ఎందుకు కొట్టేశావంటే, రూలు తప్పి అక్కడ తిన్నానని నువ్వే ఒప్పుకోవాలి.” ఫైలు తీసి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. “రేపు ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఉంటే చాలు. అదే చూసుకో.”

ఆ రాత్రి బురుల్చాకి సరిగ్గా నిద్ర పట్టలేదు. రేపు అపాకి ఏమని చెప్పాలి? వచ్చినవాళ్ళకి రొట్టె ఇవ్వకు అనా? ఏ నోటితో చెప్తుంది?

చెప్పలేదు. గురువారం పదింటికి బండి దిగారు. నుర్జామాల్ గడప దాకా వచ్చి, బూట్ల వైపు చూసుకుని ఆగిపోయింది. డాక్టరు ఫైలు ఒక చేతిలో, కలం ఒక చేతిలో పట్టుకుని చెక్క మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

“ఏ ఊరు బాబూ నీది?” అంది అపా.

“నారిన్.”

“నారిన్ వాడివై గడప తొక్కి నిలబడతావా? మీ అమ్మ నేర్పలేదా?”

డాక్టరు కాలు కాలినట్టు చెక్క మీంచి దిగాడు. బూట్లు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. బండి దగ్గర టోక్తోబెక్‌కి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

“ఈరోజు తారీఖు ఎంతమ్మా?”

“తారీఖు నీకు కావాలి, జీతం రోజు తెలియడానికి. నాకెందుకు?”

“గొట్టంలోంచి ఎవరో మాట్లాడతారట?”

“మాట్లాడతాడు. నీకంటే మర్యాదగానే.”

డాక్టరు రాసుకున్నాడు. బయటినుంచి నుర్జామాల్ అందుకుంది. “ఇక్కడుంటే ప్రమాదం కదమ్మా. గొట్టం పేలితే?”

“పేలితే ఒక్కసారే పోతా. మీ గేట్ల లోపల రోజూ పోవాలి.” అపా గొంతు పెంచలేదు. గొట్టాల వెంట ఉండేవాళ్ళకి ఆ గేట్ల సంగతి కొత్త కాదు. “నేనిక్కడ ఊడ్చుకుంటా, వండుకుంటా, తలుపు లేకపోయినా ఎవడూ లోపలికి రాడు. మీరే వచ్చారు.”

ఇంకో నాలుగు ప్రశ్నలయ్యాయి. తిన్నగా జవాబు చెప్పింది రెండిటికే. డాక్టరు లేచి బూట్లు తొడుక్కుని, వెళ్ళొస్తామన్నాడు.

“ఇప్పుడు చూడండి,” అని నుర్జామాల్ గొంతు తగ్గించి అంది. “చెయ్యి పట్టుకుంటుంది.”

అపా కదల్లేదు. పువ్వుల గుడ్డ ముడి వేసినట్టే పెట్టె మీద ఉంది. ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

“ఎల్లండి,” అంది.

ఇంక ఆపేవాళ్ళు లేరు. వెళ్ళిపోవచ్చు. డాక్టరు ఒక అడుగు వేసి ఆగాడు. అరవై ఏళ్ళ మనిషి. పెళ్ళిళ్ళకీ చావులకీ ఎన్ని ఇళ్ళ గడపలు దాటి ఉంటాడో. రొట్టె చూపించకుండా పొమ్మన్న ఇల్లు వాటిలో ఒక్కటీ లేదు. కలం పట్టుకున్న చెయ్యి దానంతట అదే కాస్త ముందుకి వచ్చింది. దాన్ని ఏం చేయాలో ఆయనకి తెలియలేదు.

“రొట్టె…” అన్నాడు.

“రొట్టె అతిథులకి. నువ్వు నన్ను పట్టుకుపోవడానికొచ్చావు. పట్టుకుపోయేవాడికి రొట్టె ఏంటి?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “పదండి డాక్టర్‌గారూ,” అంది నుర్జామాల్. ఆయనకి వినబడినట్టు లేదు.

“ముట్టుకోనీ అమ్మా.”

“వచ్చిన పని మానుకున్నవాడికి పెడతా. రెండు చేతులూ ఖాళీ చేసుకునిరా.”

డాక్టరు ఫైలు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. కింద మంచు, పక్కన కాలే గొట్టం. బురుల్చా చెయ్యి చాపింది. ఆయన ఒక క్షణం ఆమెని చూశాడు. ఆ చెయ్యి దేనికి చాపిందో తెలిసే ఫైలూ కలమూ అందులో పెట్టాడనే నేను అనుకుంటాను. తర్వాత మళ్ళీ బూట్లు విప్పి, అపా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ చాపాడు. అపా గుడ్డ ముడి విప్పింది.

ఆయన నములుతూ ఉండగా బురుల్చా ఫైలు తెరిచింది. కలం ముల్లు మీద ఊదింది. మొదటి నోటు మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

“ఏం చేస్తున్నావ్? అది రికార్డు!” అని నుర్జామాల్ గడప దాకా వచ్చేసింది.

“నా చేతిరాతే. తప్పు రాశాను, కొట్టేస్తున్నాను.”

“డాక్టర్‌గారూ, చూస్తారేంటి!”

డాక్టరు ఏదో అనబోయాడు. అపా వేలు చూపించింది. “మింగి మాట్లాడు. నోట్లో రొట్టె పెట్టుకుని మాట్లాడకూడదు.”

ఆయన నమిలాడు. అంచు గట్టిగా ఉంటుంది, టైము పడుతుంది. పన్నెండు గీతలూ పూర్తయ్యాయి. అడుగున బురుల్చా మామూలు మాటల్లో, తన భాషలో, కొత్తగా రాసింది: “బయలుదేరేటప్పుడు ఇంటావిడ రొట్టె ఇచ్చింది. పన్నెండుసార్లు నేను కాదన్నాను. పదమూడోసారి తిన్నాను. సూది వేయించుకుంది.” రూలు తప్పినట్టు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. పోతే ఉద్యోగం పోతుంది.

డాక్టరు మింగి, మీసం తుడుచుకుని లేచాడు. “కమిషన్‌కి మూడు సంతకాలు కావాలి. నువ్వు పెడతావా?”

“పెట్టను.”

“అయితే కుదరదు.” నుర్జామాల్ వైపు తిరిగాడు. “మందు మీద ఉంది. నెలకో సూది, ఇక్కడే. నేనూ వస్తాను.”

“నోరూజ్ లోపల మళ్ళీ కాగితం తెస్తాను,” అంది నుర్జామాల్. తెస్తుంది కూడా, అలాంటి కాగితాలు మా ఊళ్ళో ఎప్పుడూ ఒక్కటితో ఆగవు. ఆమె విసురుగా వెనక్కి తిరిగింది.

అపా లేచి, మేజోళ్ళతోనే గడప దాటి మంచులోకి వచ్చి, ఆమె కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇయ్యాలైతే నన్ను పట్టుకుపోట్లేదుగా. నువ్వూ ముట్టుకుని ఎల్లు పిల్లా.”

నుర్జామాల్ ఆ చేతి వైపు చూసింది, డాక్టరు వైపు చూసింది. “ఇదిగో! ఇదే! రాయండి!” అంది.

కలం బురుల్చా దగ్గరుంది. ఆమె దానికి మూత పెట్టి జేబులో వేసుకుంది.